దాపటి ఎద్దు చెవి

మా కొట్టంలో ఉన్న పెద్ద ఎద్దు ఎడమ చెవి రెండు పాయలుగా చీలి ఉంటుంది. ఈగ వాలినప్పుడు అది చెవి విదిలిస్తే రెండు పాయలూ రెండు దిక్కులకు ఊగుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, కంచె ముళ్ళకు తట్టుకుందా, కుక్కలు పట్టాయా అని అడుగుతారు. మా ఇంట్లో ఎవరూ జవాబు చెప్పరు. నా భార్య లోపలికి పోతుంది. బాపు బీడీ ముట్టించుకుంటాడు. నేను వానల సంగతో పత్తి ధర సంగతో ఎత్తుకుంటాను.

ఆ చెవి కోసింది నేను.

మాది అచ్చంపేట నుంచి అడవి దిక్కు పోయే దారిలో ఒక చిన్న ఊరు. మాకు నాలుగెకరాల చెల్క నేల ఉంది. పత్తి పెడతాం. దున్నడానికి ట్రాక్టరు వస్తుంది గాని, పత్తి మొలిచి మోకాటి ఎత్తు పెరిగాక సాళ్ళ మధ్య కలుపు తియ్యడానికి గుంటుక తోలాలి. ఆ సన్నటి సందులో మొక్క విరగకుండా నడిచేది ఎద్దులే. అందుకే మా దిక్కు ఇంకా కొన్ని ఇళ్ళలో జోడెద్దులు ఉన్నాయి. మా జోడిని బాపు అమ్రాబాద్ దిక్కు నుంచి కోడెలుగా ఉన్నప్పుడే కొని తెచ్చాడు. తెల్లటి ఒంటి మీద ఎర్రటి పొడలు. దూరం నుంచి చూస్తే రెండూ ఒక్కటే. దగ్గరికి పోతే ఒకదాని మెడ మీద అరచెయ్యంత మచ్చ, రెండోదాని డొక్క మీద చిన్నచిన్న చుక్కలు.

కాడికి కుడివైపు కట్టేదాన్ని వలపటిది అంటాం, ఎడమవైపు కట్టేదాన్ని దాపటిది అంటాం. ఏ పక్కన నేర్పితే ఎద్దు జన్మంతా ఆ పక్కనే నడుస్తుంది. బాపు వాటికి వేరే పేర్లు పెట్టలేదు. వలపటిది బలమైంది, దుడుకుది. దాపటిది ఏడాది పెద్దది, నిదానమైంది. ఒకసారి రాళ్ళ వాగు దాటుతుంటే జారి మోకాలు కొట్టుకుంది. అప్పటి నుంచి చలికాలం పొద్దున లేవడానికి జర సేపు పట్టేది. మలుపులో వలపటిది తొందరపడితే దాపటిది మెడ బిగబట్టి దాన్ని ఆపేది. అట్లా రెండూ కలిస్తేనే ఒక గుంటుక నడిచేది. ఈ మాట నాకు ముందే తెలుసు. తెలిసీ చేసిన పని గురించే ఈ రాత.

ఎద్దుల ఇన్సూరెన్సు ఆలోచన నాకు ఊళ్ళో ఒకాయన బర్రె చచ్చిపోయినప్పుడు వచ్చింది. అది పిడుగు పడి పోయింది. ఆయన దానికి ఎప్పుడో ఇన్సూరెన్సు చేయించి మరిచిపోయాడట. మూడు నెలల్లో డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో ఇంకో బర్రెను కొని, దానికి బొట్టు పెట్టి ఊరంతా తిప్పాడు. మా ఊళ్ళో ఇంటర్ దాకా చదివింది నలుగురైదుగురం. కాయిదం వస్తే చదివి పెట్టమని నా దగ్గరికే తెస్తారు. అందరికీ చదివి పెట్టేవాణ్ణి, నా ఇంటికి ఇంత చిన్న పని చేసుకోలేదేమని సిగ్గనిపించింది.

నెల రోజులు తిరిగాను. సర్కారు కొంత భరించే పద్ధతి ఒకటి ఉందన్నారు. పోయి అడిగితే ఈసారికి మన మండలం వంతు అయిపోయింది, వచ్చే ఏడు రమ్మన్నారు. బ్యాంకులో అడిగితే లోను ఇచ్చి కొనిపించిన పశువులకే అన్నారు. మిగిలింది అచ్చంపేటలో ఒక కంపెనీ ఏజెంటు. ఏడాదికి చేయించుకుంటే ఒక రేటు, మూడేళ్ళకు కలిపి కడితే కొంచెం తక్కువ. ఎద్దు ధర పశువుల డాక్టరు నిర్ణయిస్తాడు. చెవికి నంబరు ఉన్న పసుపు బిళ్ళ వేస్తారు. చనిపోతే ఆ బిళ్ళ చెవికి ఉండాలి, లేకపోతే పైసా రాదు. టీకాలు వేయించినట్టు కార్డు ఉండాలి. ఆ నాలుగు పేజీల షరతులను నేను అంగట్లో సరుకు ఏరినట్టు ఏరుకుంటూ చదివాను. చదివిన ప్రతి షరతుకూ నేను పెద్ద తెలివైనవాణ్ణి అయిపోతున్నట్టు అనిపించింది.

ఇంట్లో చెప్తే బాపు ఒప్పుకోలేదు.

"పానంతోని నిలబడ్డదాని సావుకు ధర కట్టుడేందిరా? అగో, అది ఇంటున్నది సూడు."

"బాపూ, గిది కాయిదమే. గట్ల రాస్తె సస్తదా?"

"సావదు. నువ్వు దాన్ని సూసే సూపు మారుతది."

నా భార్య మాట వేరే. రెండు ఎద్దులకు కలిపి కట్టాల్సింది ఎంతో చెప్పగానే నోరెళ్ళబెట్టింది గాని, కాసేపు ఆలోచించి అన్నది, "కట్టితె రెండింటికి కట్టు. లేకుంటె ఇడిసిపెట్టు."

"రెండింటికి ఎందుకే? వలపటిది గుండ్రాయిలెక్క ఉన్నది. దాపటిదానికి మోకాలు నొప్పి. ఏమన్న అయితె దానికే అయితది. దానికొక్కదానికి కడితె సగం మిగుల్తది."

"నీకు మోకాలు మంచిగనే ఉన్నది గద? నీకు ఇన్సూరెన్సు ఎందుకు చేపిచ్చుకున్నవు?"

"నేను మనిషిని."

"అవునా? నాకెరుకలేదు," అని నవ్వి బియ్యం ఏరుకుంది. పోతూపోతూ ఇంకో మాట అన్నది, "ముందుగాల నీ తెలివికి చేపియ్యి. అది ఎన్నడు పోతదో ఎవలకెరుక."

నేను నా లెక్కే నెగ్గించుకున్నాను. దాపటిదానికి ఒక్కదానికే చేయించాను. ఏజెంటు, డాక్టరు కలిసి వచ్చారు. డాక్టరు పళ్ళు చూసి వయసు రాశాడు, కొమ్ములు కొలిచాడు, ఫోటోలు తీశాడు. పట్టకారు లాంటి పనిముట్టుతో ఎడమ చెవికి పసుపు బిళ్ళ వేస్తే టక్కుమని చప్పుడైంది. ఎద్దు ఒక్కసారి ఎగిరిపడి, నా భుజం మీద మూతి పెట్టి నిలబడింది. బాపు ఆ పూట చెల్క నుంచి ఇంటికి రాలేదు.

ఆ తర్వాత నేను చేసిన తప్పు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే అది నన్ను ఎక్కువ తింటుంది.

వానలు పడకముందు ఊళ్ళో బడి ముందర గొంతువాపు టీకాలు వేశారు. మా దిక్కు దాన్ని గురక రోగం అంటారు. వానాకాలంలో పశువుకు గొంతు కింద వాచి, ఊపిరి గురగురమని, ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది. టీకాకు పైసలు అడగరు. తోలుకుపోతే చాలు. ఆ రోజు దాపటిది మోకాలి నొప్పితో ఇంట్లోనే ఉంది. వలపటిదాన్ని బాపు గుట్ట మీదికి మేతకు తోలుకుపోయాడు. నేను దాపటిదాన్ని పట్టుకొని పోయి టీకా వేయించి కార్డు మీద రాయించుకున్నాను. ఆ కార్డు లేకపోతే ఇన్సూరెన్సు చెల్లదు మరి.

"ఇంకోటి ఏది?" అని డాక్టరు అడిగాడు.

"మేతకు పోయింది సార్. రేపు తోలుకొస్త."

"రేపు నేను ఈడ ఉండ. ఇంక గంట సేపు ఉంట, పోయి తోలుకరా."

గుట్ట అర్ధగంట దూరం. పోదామనే బయల్దేరాను. దారిలో హోటలు ముందు నలుగురు కూర్చొని, "ఏమన్నా, మీ ఎద్దుకు కమ్మ పెట్టిచ్చినవంట, బుట్టాలు ఎన్నడు పెట్టిస్తవు?" అని నవ్వారు. నేను కూర్చున్నాను. చాయ్ తాగాను. ఇన్సూరెన్సు అంటే ఏమిటో, షరతులు ఎట్లా చదవాలో, ఏ పశువుకు చేయించాలో, ఏ పశువుకు దండుగో వాళ్ళకు వివరించాను. గంట దాటిపోయింది. డాక్టరు బండి నా ముందు నుంచే పోయింది. చెయ్యెత్తి దండం కూడా పెట్టాను.

వలపటిదానికి టీకా లేదన్న సంగతి బాపుకు చెప్పలేదు. బలమైనదే కదా అనుకున్నాను. కాగితం మీద ఉన్నదాన్ని కాపాడుకున్నాను, కాగితం మీద లేనిదాన్ని దాని బలానికి వదిలేశాను. బాపు అన్న చూపు మారడం అదే. అప్పుడు నాకు తెలియలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక పొద్దున వలపటిది మేత ముట్టలేదు. నోటి నుంచి సొంగ కారుతోంది. గొంతు కింద చెయ్యి పెడితే వేడిగా, గట్టిగా తగిలింది. ఊపిరి తీసుకుంటే కుండలో నీళ్ళు మరిగినట్టు చప్పుడు. బాపు చూసి నా వైపు తిరిగాడు.

"టీకా ఏపిచ్చినవు గద?"

"ఆఁ," అన్నాను.

డాక్టరుకు ఫోను చేశాను. ఆయన వాగు అవతల ఊళ్ళో ఉన్నాడు. వాగు పొంగింది, రేపు పొద్దుటికి గాని రాలేనన్నాడు. మందు పేరు చెప్పి, దవాఖానలో ఇప్పిస్తాను, తెచ్చి వెంటనే సూది వెయ్యమన్నాడు. సూది వెయ్యడం నాకు వచ్చు. బండి మీద అచ్చంపేటకు పోయాను. వానలో దారి కనిపించలేదు. రెండుచోట్ల చెట్టు కొమ్మలు విరిగి పడితే దిగి పక్కకు లాగాను. పోయి రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నాకు టీకా రోజు తాగిన చాయ్ రుచి నాలుక మీద తగులుతూనే ఉంది.

నేను వచ్చేసరికి వలపటిది పడుకొని ఉంది. బాపు దాని తలను తొడ మీద పెట్టుకున్నాడు. నా భార్య తడిగుడ్డతో మూతి తుడుస్తోంది. సూది వేశాను. ఇంకోటి వేశాను. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. ముగ్గురం కూర్చొని దాని ఊపిరి వింటూ ఉన్నాం. నాలుక బయటికి వచ్చింది. పక్క గుంజకు కట్టేసిన దాపటిది తలుగు సాగినంత దూరం ముందుకు జరిగి, మూతి చాపి, దాని వీపు అందక అక్కడే నిలబడింది. మేత వేస్తే తినలేదు.

పగటి అన్నాల పొద్దు దాటాక గురక ఆగిపోయింది. నా భార్య గట్టిగా ఏడ్చింది. బాపు ఏడవలేదు. తల కింద నుంచి తొడ మెల్లగా తీసి, అక్కడ గోనెసంచి మడతపెట్టి పెట్టాడు. కాసేపటికి లేచి, "చెల్కల బొంద తీపిస్త. పసుపు, తెల్లగుడ్డ తీస్కరా బిడ్డా," అని కోడలికి చెప్పి పార భుజాన వేసుకొని బయల్దేరాడు. ఆమె దుకాణానికి పోయింది.

నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఏం చెయ్యాలో తోచక ఏజెంటుకు ఫోను చేశాను. ఎందుకు చేశానంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది.

"తమ్మీ, ఎద్దు సచ్చిపోయింది," అన్నాను.

"అయ్యో అన్నా. మంచిగుండె గదనే. చెవికి బిళ్ళ ఉన్నదా?"

ఏ ఎద్దు అని అతను అడగలేదు. మా ఇంట్లో అతనికి తెలిసిన ఎద్దు ఒక్కటే.

"ఉన్నది," అన్నాను.

"ఇగ ఫికర్ లేదన్నా. బొంద పెట్టకుండ్రి. డాక్టర్ సాబు కోసి సూసి రాసియ్యాలె. బిళ్ళ కదపకు. జర ధైర్యంగుండు."

ఫోను పెట్టేశాక చూస్తే దాపటిది నావైపే చూస్తోంది. ఎడమ చెవికి పసుపు బిళ్ళ.

ఇక్కడ నుంచి నేను చేసింది దాచకుండా రాయాలి. ఆ బిళ్ళ ఒకసారి వేశాక ఊడదు. ఊడదీస్తే విరుగుతుంది. విరిగితే చెల్లదు. అది నేను షరతుల్లో చదివాను. అంటే బిళ్ళ చెడకుండా రావాలంటే చెవే కోయాలి. గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాను. ఎద్దు తలను గుంజకు దగ్గరగా కట్టాను. "ఆగు బిడ్డా, ఆగు," అన్నాను. గిట్టలో ముల్లు తీసేటప్పుడు, మోకాలికి కాపడం పెట్టేటప్పుడు అనే మాటే అది. ఆ మాట విని అది ఆగింది. కళ్ళు సగం మూసి నిలబడింది. చెవి అంచు నుంచి బిళ్ళ దాకా కోశాను. సగంలో అది తల విసిరింది. నేను కోసిన దానికంటే ఎక్కువ చీలింది.

బిళ్ళ నా చేతిలోకి వచ్చింది. చచ్చిన ఎద్దు చెవిని అట్లాగే అంచు నుంచి కోసి, బిళ్ళను అందులోకి దూర్చి, కిందనుంచి తెల్ల దారంతో కుట్టాను. నెత్తురు రాలేదు. అదే నన్ను పట్టిస్తుందని నాకు తట్టలేదు. అంత చదివినవాణ్ణి, రెండు ఎద్దుల ఒంటి మీద మచ్చలు వేరని, డాక్టరు ఫోటోలు తీశాడని కూడా నాకు తట్టలేదు.

ముందు నా భార్య వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. ఆమె చేతిలోని పసుపు పొట్లం నేను చూశాను, నా చేతులు ఆమె చూసింది.

"నీకేమన్న పుట్టిందా?" అన్నది. గొంతు పెంచలేదు. "ఏమన్న పుట్టిందా నీకు?"

"పైసలొస్తె ఇంకోటి కొంటం. లేకుంటె పత్తి ఎట్ల? నువ్వే చెప్పు, పత్తి ఎట్ల?"

ఆమె చచ్చినదానికని తెచ్చిన పసుపు విప్పి, బతికున్నదాని చెవికి అద్దడానికి పోయింది. అది ఆమెను రానిచ్చింది.

బాపు వచ్చేసరికి పొద్దు ఇంకా గూకలేదు. బొంద సిద్ధమైంది, నలుగురు మనుషులు ఎడ్లబండి తెస్తున్నారు అన్నాడు. డాక్టరు చూసేదాకా ఆపాలని నేనన్నాను.

"సచ్చినంక డాక్టర్ ఏం జూస్తడు?"

ఆయన రెండు ఎద్దులనూ చూశాడు. చచ్చినదాని చెవికి బిళ్ళ, బతికున్నదాని చెవికి పసుపు. ఆయన చదువుకోలేదు. చదవాల్సిన పని పడలేదు. దాపటిదాని దగ్గరికి పోయి మెడ కింద చెయ్యి వేసి నిలబడ్డాడు. అది ఆయన భుజం మీద మూతి పెట్టింది. ఒక్క మాట అన్నాడు, "నీ చేతిల తలుగు ఉన్నదని నిలబడ్డదిరా."

నేను టార్పాలిన్ తెచ్చి వలపటిదాని మీద కప్పాను.

పొద్దున డాక్టరు వచ్చాడు. టార్పాలిన్ తీసి చూశాడు. చెవి పట్టుకొని వేలితో దారాన్ని తడిమాడు. తర్వాత కొట్టంలోకి పోయి దాపటిదాని చెవి చూశాడు. ఆయనకు ఫోను తీసి ఫోటోలు చూసే అవసరం కూడా రాలేదు.

"బతికున్నప్పుడు కోస్తె నెత్తురు గడ్డ కడ్తది," అన్నాడు మెల్లగా. "సచ్చినంక కోస్తె గిట్లనే ఉంటది, తెల్లగ." నా వైపు తిరిగి, "మెడమీద మచ్చున్నదానికి నేను టీకా ఏసిన. సచ్చిందానికి మచ్చేది? రెండోదాన్ని తోలుకరమ్మంటె నువ్వు రాలే. నాకు యాదికున్నది."

బాపు అక్కడే ఉన్నాడు. టీకా సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది. చెవి చూసినప్పుడు కూడా వంగని మనిషి, ఆ మాటకు గోడ పట్టుకొని కింద కూర్చున్నాడు. టీకా వేయించావా అంటే నేనన్న "ఆఁ" ఆయన అప్పటిదాకా నమ్మే ఉన్నాడు.

"కేసు గీసు అయితదా సార్?" అని నా భార్య అడిగింది.

"నేను సూసింది రాస్త తల్లీ. రోగంతోని ఒక ఎద్దు సచ్చింది. దానికి ఇన్సూరెన్సు లేదు. గంతే. ఏజెంటుకు ఈయన్నే ఫోన్ చెయ్యనీ."

డాక్టరు ముందరే ఫోను చేశాను. చచ్చింది వేరే ఎద్దని చెప్పాను. "మరి నిన్న బిళ్ళున్నదంటివి గదన్నా?" అన్నాడు ఏజెంటు. తొందరలో పొరపాటైందన్నాను. పొరపాటు కాదు. అబద్ధం చెప్పానని అనడానికి డాక్టరు, బాపు, భార్య ముగ్గురు సాక్షులుండగా కూడా నోరు రాలేదు. అతను పాపం నమ్మి, ఎద్దు పోయినందుకు బాధపడి, జాగ్రత్త అన్నా అని పెట్టేశాడు.

వలపటిదాన్ని చెల్కలో, అది ప్రతి ఏడూ మలుపు తిరిగే కొసన పెట్టాం. మట్టి వేసే ముందు బాపు దిగి, నేను కుట్టిన దారం తెంపి, బిళ్ళ తీసి ఒడ్డుకు విసిరాడు. తెల్లగుడ్డ కప్పాడు. ఆ బిళ్ళ కోసం నేను వెతకలేదు. దాపటిదానికి కొత్త బిళ్ళ వేస్తాను, తోలుకురా అని డాక్టరు పోతూ అన్నాడు. చెవి పచ్చిగా ఉంది. ఎవర్నీ ముట్టనివ్వనన్నాడు బాపు. ఆ విధంగా ఏ ఎద్దు కోసం డబ్బు కట్టానో దానికి కూడా ఇన్సూరెన్సు లేకుండా పోయింది.

ఆ ఏడు పత్తిలో కలుపు చేతులతోనే తీశాం. ఊళ్ళో జోడెద్దులున్నవాళ్ళు వాళ్ళ చెల్కలు అయ్యాక గాని కిరాయికి రాలేదు. అప్పటికి గడ్డి పత్తిని మించి పెరిగింది. నా భార్య సాలు పొడుగునా కూర్చొని జరుగుతూ కలుపు తీసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె అనే ఎత్తిపొడుపు మాటలు నాకు అంత అవసరమని అప్పుడే తెలిసింది. ఏదన్నా అనమని ఒకరోజు నేనే అడిగాను. "నీ మీద పరాచికాలకు కూడ మనసొస్తలేదు," అన్నది, తలెత్తకుండా.

చెవి మానడానికి రెండు నెలలు పట్టింది. రోజూ వేపనూనె రాయాలి. మొదటి రోజు నేను పోయాను. గిన్నె పట్టుకొని, "ఆగు బిడ్డా," అన్నాను. ఆ మాట వినగానే దాపటిది తల పక్కకు తిప్పి, వెనక్కి వెనక్కి జరిగి, తలుగు గొంతుకు బిగిసేదాకా పోయింది. పొడవడానికి రాలేదు. పొడిచి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. ఆ తర్వాత నా భార్య రాసేది. నేను కొట్టం బయట నిలబడి నూనె వేడి చేసి అందించేవాణ్ణి.

మరుసటి ఏడు బాపు తనకున్న మేకలు అమ్మి ఒక కోడెను తెచ్చాడు. దాన్ని కుడిపక్కన కట్టి నేర్పాడు. దాపటిది మొదట్లో కాడి మెడ మీద పడగానే నిలబడిపోయేది. కొత్తదాన్ని చూసి కాదు, మలుపులో పక్కది తొందరపడుతుందని మెడ బిగబట్టి ఎదురుచూసేది. ఈ కోడె నిదానమైంది, తొందరపడదు. రెండూ ఆగిపోయేవి. నెలలు పట్టింది సాలు తిన్నగా రావడానికి. ఇప్పుడు నడుస్తున్నాయి. గుంటుక వెనక నేనున్నా దాపటిది పని చేస్తుంది. నేను ముందు నుంచి దాని తల దగ్గరికి పోతే మాత్రం ఎడమ చెవిని మెడకు ఆనించి దాచుకుంటుంది.

ఊళ్ళో ఇప్పటికీ నన్ను అడుగుతారు, పశువులకు ఇన్సూరెన్సు చేయించమంటావా, దండుగా అని. చదివినవాణ్ణి కదా. ముందు టీకా వేయించు, ఆ తర్వాత నన్ను అడుగు అంటాను. ఇంకా అడిగితే నాకు తెలియదంటాను. నిజంగానే తెలియదు. రెండింటికీ కట్టి ఉంటే డబ్బు వచ్చేదేమో. ఏ ఒక్కదానికీ కట్టకపోయి ఉంటే ఒక ఎద్దు పోయేది, ఇంకోదాని చెవి మిగిలేది. సగం కట్టినవాడికి ఏం దక్కుతుందో మాత్రం నాకు తెలుసు. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఎండాకాలం సర్కారు పద్ధతిలో మళ్ళీ ఇన్సూరెన్సు రాస్తున్నారని తెలిసింది. నేను ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. బాపే అన్నం తింటూ అన్నాడు.

"రెండింటికి రాయించు."

నా చెయ్యి కంచంలో ఆగింది. "నువ్వే వద్దంటివి గద బాపూ. పానమున్నదానికి ధర కట్టద్దంటివి."

"అన్న. ఇప్పుడు గూడ అదే అంట." నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. "కని ఒకదానికి రాసి ఒకదానికి రాయకుంటె నువ్వేం జేస్తవో సూసిన. రెండింటికి రాయించు. నా పానం నిమ్మలంగుంటది."

కోపంగా అనలేదు. వాన వచ్చేలా ఉంది, గడ్డి లోపల వెయ్యి అన్నట్టు అన్నాడు.

డాక్టరు అదే మనిషి. జుట్టు కొంచెం నెరిసింది. టీకా కార్డులు రెండూ అడిగాడు. రెండూ ఇచ్చాను. ఒక్కొక్కటి తిప్పి చూసి, నా ముఖం చూడకుండా జేబులో పెట్టుకున్నాడు. కోడెకు బిళ్ళ వెయ్యడం సులువుగానే అయింది. దాపటిదానికి కుడి చెవికి వేస్తానన్నాడు. ఎడమ చెవి ఇక బిళ్ళను మొయ్యదు.

నేను తలుగు పట్టుకోవడానికి ముందుకు పోయాను. అది తల తిప్పి వెనక్కి జరగడం మొదలుపెట్టింది. గిట్టలు బండ మీద జారాయి, మోకాలు వంగింది. డాక్టరు పట్టకారు కిందికి దించాడు.

"నువ్వు జర బైట నిలబడవయ్యా," అన్నాడు. "నువ్వుంటె అది నిలబడదు."

బాపు వచ్చి తలుగు అందుకున్నాడు. నా భార్య ఇటు పక్క నిలబడి ఎడమ చెవి మీద అరచెయ్యి కప్పి పట్టుకుంది. నేను గడప దాటి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. లోపల బాపు ఏదో గొణుగుతున్నాడు. నేను వాడుకున్న మాట కాదు, వేరే మాట. ఎద్దు ఊపిరి మెల్లమెల్లగా నిమ్మళించడం గోడ ఇవతలికి వినిపించింది. ఆ తర్వాత టక్కుమన్న చప్పుడు.

లోపలికి రమ్మని ఎవరన్నా పిలుస్తారేమోనని ఆగాను. డాక్టరు చేతులు కడుక్కోవడానికి నీళ్ళు కావాలన్నాడు. నేను పోయి నీళ్ళు తెచ్చి గడప మీద పెట్టాను.